పాచినోటి పరీక్ష

మా ఇంటి దగ్గర సూపర్ మార్కెట్లో వేపపుల్లలు అమ్ముతున్నారు. అన్నీ ఒకే పొడవున కోసి, ప్లాస్టిక్ కవర్లో పెట్టి, కవరు మీద నవ్వుతున్న ఒకాయన బొమ్మ వేశారు. ఆ పళ్లు చూస్తే ఆయన జన్మలో వేపపుల్ల నమిలిన మనిషి కాడని తెలుస్తూనే ఉంది. వెనక ఎక్స్‌పైరీ తేదీ కూడా ఉంది. చెట్టు మీద ఉన్నన్నాళ్లూ లేని ఎక్స్‌పైరీ కవర్లోకి దూరగానే ఎలా వచ్చిందమ్మా అని కౌంటర్లో అమ్మాయిని అడిగాను. "కార్డా, స్కానా అంకుల్?" అంది. నా ప్రశ్నలకు సాధారణంగా ఈ స్థాయి జవాబులే వస్తాయి. కొనకుండా బయటికి వచ్చేశాను.

వేపపుల్ల మీద నాకింత పట్టింపు ఎందుకో చెప్పాలంటే నా సర్వీసు చివర్లో జరిగిన ఒక సంగతి చెప్పాలి. ల్యాబు పనిలోకి కొత్తగా వస్తున్న పిల్లలకు పనికొస్తుందని రాస్తున్నాను. మిగతావాళ్లు చదివినా నష్టం లేదు గానీ భోజనానికి ముందు వద్దు. ఇందులో ఉమ్మి కాస్త ఎక్కువ.

నేను నెల్లూరులో ఒక కాలేజీలో బయోకెమిస్ట్రీ ల్యాబు టెక్నీషియన్‌గా చేశాను. చేరినప్పుడు అది తాత్కాలికమనే అనుకున్నాను. కొంతకాలం పని నేర్చుకుని సొంత ల్యాబు పెట్టాలని నా ప్లాను. ట్రంకురోడ్డు పక్క సందులో గది కూడా చూశాను. బోర్డు మీద అక్షరాలు నీలంగా ఉండాలా ఎర్రగా ఉండాలా అని నాకూ నా భార్యకూ చర్చ మొదలైంది. ఆ చర్చ సామరస్యంగా సాగుతూ ఉండగానే నాకు రిటైర్మెంటు దగ్గరపడింది.

అలాంటి సమయంలో మా ప్రొఫెసర్ గారికి ఒక ఆలోచన వచ్చింది. మంచి మనిషే. ఆలోచన వచ్చినప్పుడు మాత్రం దగ్గర్లో ఉండకూడదు. కొందరు మగవాళ్లు చేస్తున్న పని వదిలేసి వ్యాపారంలోకి దూకుతారు. కొందరు ఒడ్డున నిలబడి వాళ్లకు సలహాలు చెబుతారు. ఈ తేడా మనిషి ఒంట్లో ఊరే టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోను వల్ల వస్తుందా అన్నది ఆయన ప్రశ్న. మగపిల్లవాడికి మీసం మొలిపించేదీ, గొంతు మార్చేదీ ఆ హార్మోనే. అదే మనిషిని తెగింపుకు కూడా పురికొల్పుతుందేమోనని ప్రపంచంలో చాలా చోట్ల చూస్తున్నారనీ, మన తీరంలో మాత్రం ఎవరూ చూడలేదనీ ఆయన అన్నారు. నిజమే. మన తీరంలో ఎవరూ చూడనివి చాలా ఉన్నాయి, రోడ్లు మొదలుకొని.

తెగించిన మగవాళ్లు ఒకేచోట దొరకాలంటే కోట అనే ఊరి వైపు వెళ్లాలి. 'ఉన్నదంతా నీళ్లపాలు చేశాడు' అంటే మిగతా చోట్ల తిట్టు. రొయ్యల గుంటలున్న చోట అది వృత్తి. కంటికి కనపడనంత చిన్న రొయ్యపిల్లల్ని తెచ్చి నీళ్లలో వదిలి, వాటికి జబ్బు రాకుండా, కరెంటు పోకుండా, తుఫాను పట్టకుండా నెలల తరబడి కాచుకుని, అన్నీ పోయిన మరుసటి నెలే మళ్లీ గుంటకు నీళ్లు పెడతారు. కోట అవతల సముద్రం పక్కన ఒక పాళెం, అంటే చేపలు పట్టేవాళ్ల పల్లె, ఎంచుకున్నాం. సొంత గుంటో, పడవో, ఎండుచేపల వ్యాపారమో ఉన్నవాళ్లనీ, పెట్టబోతున్నవాళ్లనీ తీసుకున్నాం. పోల్చి చూడటానికి మా కాలేజీ సిబ్బందిని తీసుకున్నాం. నెల మొదటి తారీఖున జీతం పడితే చాలనుకునే మగవాళ్ల కోసం మేం ఎక్కువ దూరం వెతకాల్సిన పని లేకపోయింది.

ఈ హార్మోనును రక్తంలోనూ చూడవచ్చు, ఉమ్మిలోనూ చూడవచ్చు. మేం ఉమ్మికే మొగ్గాం. అలను చూసి బెదరని మనిషి సూదిని చూస్తే పడవెక్కి పారిపోతాడని మాకు తెలుసు. ఉమ్మితో ఒకటే ఇబ్బంది. నిద్ర లేవగానే తీయాలి. ఏమీ తినకూడదు, వక్కాకు వేయకూడదు, పళ్లు తోమకూడదు. ముందురోజు ఆటోకు మైకు కట్టించి ఈ మాటలన్నీ పాళెమంతా చెప్పించాం. అందరూ తలలూపారు. ఈ వృత్తిలో నేను నేర్చుకున్న వాటిలో ముఖ్యమైనది ఇదే: తలూపడం అంటే వినపడింది అని మాత్రమే అర్థం.

మా బృందంలో ఇంకొకరు ఒక పరిశోధక విద్యార్థిని. తడ దగ్గరి అమ్మాయి. మాటలో కొంచెం అరవం, చాలా నిర్మొహమాటం. తుఫాను షెల్టరు మెట్ల దగ్గర బల్ల వేసుకుని ఆమె ట్యూబులు ఇస్తుంటే, నేను ఐసు పెట్టె దగ్గర కూర్చున్నాను. ట్యూబుల మీద పేర్లు ఉండవు, నెంబర్లే. ఎవరి ఫలితం ఎవరిదో తెలియకూడదన్నది నియమం.

"నాకు తొమ్మిది ఇయ్యి పాపా. నా బండి నెంబరు గూడా తొమ్మిదే," అన్నాడు వరసలో ముందున్న భారీ మనిషి. మూడు రొయ్యల గుంటల ఆసామి. మెడలో గొలుసు, నోట్లో నవ్వు.

"అట్టా కోరుకోకూడదన్నా. ఎవరిదేదో ఎవరికీ తెలీకూడదు."

"తెలీదులే. నాకు తొమ్మిది ఇయ్యి."

ఆ తర్వాత అందరూ కోరుకున్నారు. ఒకాయన కూతురు పుట్టిన తేదీ, ఇంకొకాయన ఇంటి నెంబరు. ఎనిమిది మాత్రం ఎవరూ ముట్టుకోలేదు. "శని నెంబరు సార్ అది. ఉమ్మి గూడా పడదు దాంట్లో," అని పాళెం పెద్దాయన నాకు వివరించాడు. చివరగా వచ్చిన ఒక సన్నటి కుర్రవాడు, చంకలో చంటిపిల్లతో, నోటికి తువాలు అడ్డం పెట్టుకుని, "ఎవరికీ వద్దంటే నాకియ్యండి సార్. శనికి మా ఇల్లు కొత్తేం గాదు," అన్నాడు.

ఆ తువాలు చూసి సిగ్గరి అనుకున్నాను.

కొన్ని ట్యూబుల్లో ఉమ్మి లేత ఎరుపులో ఉంది. రాత్రి వేసిన వక్కాకు అనుకున్నాం. నెల్లూరు జిల్లాలో మగవాడి నోరు ఎర్రగా ఉంటే వేరే కారణం వెతకాలని ఎవరికి తోస్తుంది?

పరీక్షలు చేశాక ప్రొఫెసర్ గారు రెండు రోజులు నేల మీద నడవలేదు. పాళెం మగవాళ్ల ఫలితాలు తాటిచెట్లలా లేచాయి. మా కాలేజీ వాళ్లవి కింద గడ్డిలా ఉన్నాయి. "చూశావా, ఇదీ తెగింపు అంటే!" అని ఆయన కాగితం నా ముఖం మీదికి పెట్టారు. గడ్డిలో నేను కూడా ఉన్నానన్న సంగతి ఆ ఆనందంలో ఆయనకు గుర్తులేదు. ఒక్క ఎనిమిదో నెంబరు మాత్రం పాళెం వరసలో ఉండాల్సింది మా గుమాస్తాల మధ్య కూర్చుంది.

ఉమ్మి ఇచ్చినవాళ్లకు ఫలితం చెప్పడం మర్యాద గనక, తుఫాను షెల్టరులో సాయంత్రం సమావేశం పెట్టి గోడ మీద బొమ్మ వేశారు. కడ్డీలు, కింద నెంబర్లు. "ఎవరి నెంబరు ఏదో మాకే తెలియదు," అని ప్రొఫెసర్ గారు భరోసా ఇచ్చారు. ఆయనకు తెలియని మాట నిజమే. పాళెంలో మాత్రం చంటిపిల్లలకు కూడా తెలుసు.

"తొమ్మిది చూడ్రా, పైకప్పుకు తగల్తా ఉండాది!"

"పదమూడు నాదే. అన్న తర్వాత నేనే."

"ఎనిమిదేదిరా? కనపడదే?"

"కింద చూడు, కింద. చీమంతుండాదే, అదే."

షెల్టరంతా నవ్వింది. వెనక గోడకు ఆనుకున్న కుర్రవాడు కూడా నవ్వాడు, పిల్లను ఈ చంక నుంచి ఆ చంకకు మార్చుకుంటూ. ఎవరో ఫోన్లో ఫొటో తీశారు. మేం జీపు ఎక్కేలోపే అది సగం పాళెం స్టేటస్‌లో ఉంది.

దీని వల్ల ఏం జరిగిందో వారం తర్వాత తెలిసింది. ఆ కుర్రవాడి భార్య, పిల్లను ఎత్తుకుని, బస్సు దిగి నేరుగా మా ల్యాబుకు వచ్చింది. స్టూలు చూపించినా కూర్చోలేదు.

"గోడ మీద బొమ్మేసింది మీరేనా సారూ?"

బొమ్మ వేసింది ప్రొఫెసర్ గారనీ, నేను ఉమ్మి వరకేననీ చెప్పాను.

"ఎవరైతే ఏంది. ఆ బొమ్మ చూసి మా అన్న గుంట ఇయ్యనంటా ఉండాడు."

సంగతి ఇదీ. ఆ కుర్రవాడు చాలాకాలంగా ఊళ్లోవాళ్ల రొయ్యల గుంటల మీద మేత వేసే పని చేస్తున్నాడు. ఇప్పుడు సొంతంగా ఎండ్రకాయలు పెంచాలని పట్టుదల. మిగతా జిల్లాలవాళ్ల కోసం చెబుతున్నాను, ఎండ్రకాయ అంటే పీత. పాత పెంకు వదిలిన ఎండ్రకాయ మెత్తగా, లోపల కండ లేకుండా ఉంటుంది. దాన్నెవరూ కొనరు. అలాంటివి పట్టి తెచ్చి, గుంటలో వదిలి చేపముక్కలు మేపితే కొన్ని వారాలకు గట్టిపడతాయి. అప్పుడు చెన్నై వ్యాపారి వెతుక్కుంటూ వస్తాడు. ఈలోపల అవి ఒకదాన్నొకటి తినకుండా చూసుకోవాలి. బంధువులతో కలిసి వ్యాపారం చేసేవాళ్లకు ఇంతకన్నా మంచి శిక్షణ లేదు. గుంట మాత్రం భార్య అన్నది. ఎవరో కాదు, తొమ్మిదో నెంబరు ఆసామి. మూడు గుంటల్లో చివరిది, రొయ్య పట్టక ఊరికే పడి ఉన్నది, ఇస్తానని మాటిచ్చాడు. గోడ మీద బొమ్మ చూశాక మాట మార్చాడు.

"సైన్సే వద్దంటా ఉంటే నేనేం జేసేదే అంటా ఉండాడు సారూ. ఈయన్ని ఊళ్లో ఎనిమిది అనే పిలస్తా ఉండారు. ఎండ్రకాయలు వానలకు ముందే గుంటలో పడాల. ఈ తూరి దాటిపోతే ఈయన మళ్లా ఆ మాటెత్తడు, నాకు దెలుసు. జన్మంతా మేత బక్కెట మొయ్యడమే."

"అమ్మా, ఆ పరీక్షకూ నీ భర్త పనికీ..."

"మగోడో కాదో నన్నడగాల గాని, ఉమ్మినడుగుతారా ఎవరన్నా?"

ఈ ప్రశ్నకు మా సిలబస్‌లో జవాబు లేదు. పక్క బల్ల దగ్గర మా పరిశోధక విద్యార్థిని మాత్రం ఆమె వైపు గౌరవంగా చూసింది. "మళ్లా తీసి, మళ్లా ఆ గోడ మీదే వెయ్యండి," అని చెప్పి, పిల్ల ముక్కు తుడిచి, ఆమె వెళ్లిపోయింది.

ఒక్కడి కోసం మళ్లీ తీయడం పద్ధతి కాదన్నారు ప్రొఫెసర్ గారు. "అందరికీ ఇంకోసారి తీయాలి గదా సార్, ఒక్కరోజు ఫలితం నమ్మి పేపరు రాస్తే ఎవరొప్పుకుంటారు?" అని విద్యార్థిని గుర్తుచేసింది. ఆయన ఒప్పుకున్నారు. మళ్లీ మైకు, మళ్లీ అవే మాటలు, మళ్లీ తలలూపడం.

ఆ రోజు మా జీపు డ్రైవరు మేనకోడలి పెళ్లి. మమ్మల్ని పొద్దున్నే దింపేసి ముహూర్తానికి పోవాలని తొందరపెట్టాడు. అందువల్ల మేం చెప్పిన వేళ కంటే బాగా ముందే, ఇంకా తెల్లవారుతుండగానే, పాళెం చేరుకున్నాం. సైన్సుకు ఆ డ్రైవరు చేసిన సేవను ఎక్కడా ఎవరూ ప్రస్తావించలేదు గనక ఇక్కడ ప్రస్తావిస్తున్నాను.

చేతిపంపు దగ్గర మా ఉమ్మి దాతలంతా వరసగా గొంతుకూర్చుని ఉన్నారు. ప్రతి మనిషి నోట్లో ఒక వేపపుల్ల. మధ్యలో కొబ్బరిచిప్పలో రాళ్లుప్పు. పుల్ల కొస నమిలి కుంచెలా చేసి, ఉప్పులో అద్ది, పడవకు పట్టిన నాచు గీకినట్టు గీకుతున్నారు. తొమ్మిదో నెంబరు ఆసామి తోమిన తీరు చూస్తే నాకే చిగుళ్లు లాగాయి. ఆయన ఉమ్మినది ఇసుక మీద ఎర్రగా పడింది.

"అన్నా! ఏం చేస్తా ఉండారు?" అని అరిచింది మా తడ అమ్మాయి.

"అరె, అప్పుడే వచ్చేసినారా పాపా? ఇదో, అయిపోవచ్చింది."

"తోమకూడదని మైకులో చెప్పినాం గదా!"

పాళెం పెద్దాయన పుల్ల తీసి, నోరు పుక్కిలించి, ఎంతో ఓపిగ్గా జవాబిచ్చాడు. "చెప్పినారు పాపా. మీరు పెద్ద మనసుతో చెప్పినారు. అయినా చదువుకున్న సారు చేతికి పాచినోటి ఎంగిలి ఇస్తామా? మా మర్యాద మాకుండదా?"

"పోయినసారి కూడా తోమారా?" అని నేనడిగాను.

"పోయినసారి ఇంకా బాగా తోమినాం. మొదటి తూరి గదా."

నేనూ ఆ అమ్మాయీ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చిగుళ్ల నుంచి రక్తం కొంచెం కలిసినా చాలు, ఉమ్మిలో ఈ హార్మోను లెక్క అమాంతం పెరిగిపోతుంది. రక్తంలో అది ఎన్నో రెట్లు ఎక్కువ మరి. వక్కాకు అనుకున్న ఎరుపు వక్కాకు కాదు. అప్పుడు కనపడ్డాడు ఎనిమిదో నెంబరు. అందరికీ దూరంగా, తిరగేసిన పడవ మీద కూర్చుని, నోటికి తువాలు అడ్డం పెట్టుకుని.

"నువ్వు తోముకోలేదా?"

"వద్దన్నారు గదా సార్," అన్నాడు తువాలు తీయకుండా.

"ఇదో, ఈడికి చెప్పినా ఇనడు," అన్నాడు పెద్దాయన. "సారు దగ్గరికి పాచినోటితో పోతావా, సిగ్గులేదా అంటే, సారే పొమ్మన్నాడంటాడు. మొండోడు."

ఇక్కడ పిల్లలకు ఒక్క మాట. రూలు చెప్పేసి మన పని అయిపోయిందనుకుంటాం. వినేవాడి ఏ మర్యాదకు ఆ రూలు అడ్డొస్తుందో ముందు కనుక్కోవాలి. ఎంగిలి అంటే ఏమిటో పుస్తకంలో ఉండదు. మా అందరికీ ఇంట్లో తెలుసు, ల్యాబులో మరిచిపోయాం.

ఆ రోజు తీసినవి పరీక్షకు పనికిరావు గానీ రక్తం ఆనవాలు చూపించే పట్టీ పెట్టి చూడటానికి పనికొచ్చాయి. తొమ్మిదో నెంబరు పట్టీ ముదురు రంగుకు తిరిగింది. ఎనిమిదో నెంబరు పట్టీలో మార్పే లేదు. అయినా ప్రొఫెసర్ గారు పట్టీలతో వినే మనిషి కాదు. అందుకని మరుసటి రోజు పొద్దున నేను పాచినోటితో ల్యాబుకు వెళ్లి ఒక ట్యూబులో ఉమ్మి, తర్వాత వేపపుల్లతో, రాళ్లుప్పుతో పాళెం పద్ధతిలో తోమి, రెండో ట్యూబులో ఉమ్మాను. రెండోది తాటిచెట్టయింది. మొదటిదాని లెక్క మాత్రం ఆ అమ్మాయి రెండుసార్లు చూసింది.

"సార్, ఇది మీ పాచినోటిదేనా?"

"అవును. ఎందుకు?"

"ఏం లేదు సార్," అంది, నన్ను కొత్తగా చూస్తూ.

ప్రొఫెసర్ గారికి అన్నీ బల్ల మీద పరిచాం. అప్పటికే రెండు చోట్ల ఉపన్యాసాలు ఇచ్చేసి ఉన్నారు. ఆ మనిషి కావాలనుకుంటే ఆ పట్టీలు సొరుగులో వేసి తాళం పెట్టుకోవచ్చు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, "అయితే మనం కొలిచింది తెగింపును కాదయ్యా, చిగుళ్లను," అన్నారు. తర్వాత, "ఆ కుర్రవాడి భార్య ఏ గోడ మీద వెయ్యమంది? ఆ గోడ దగ్గరికే పోదాం పదండి," అన్నారు. నేను ఆయన కింద చాలాకాలం పనిచేశాను. ఆ రోజు ఇష్టంగా చేశాను.

తుఫాను షెల్టరులో మళ్లీ జనం. ప్రొఫెసర్ గారు అదే గోడ మీద అదే బొమ్మ వేసి, ఇది తప్పు అని దాని మీద పెద్ద గీత గీశారు. ఎందుకు తప్పో చెప్పారు. పొడుగాటి కడ్డీలంటే ధైర్యం కాదు, రక్తం కారే చిగుళ్లు అన్నారు. చెప్పినట్టు విన్నది ఈ పాళెంలో ఒక్కరే అన్నారు. పేరు చెప్పలేదు. అవసరం రాలేదు.

వెనక నుంచి ఒక గొంతు లేచింది. "అయితే మన తొమ్మిది గోపురమంతా చిగుళ్లేనంటరా?" అప్పుడు పైకప్పు ఎగిరేలా నవ్వారు. తొమ్మిదో నెంబరు ఆసామి మెడ గొలుసు సర్దుకున్నాడు.

"అన్నా, మీరు నిజంగా పంటి డాక్టరు దగ్గరికి పోవాల. అంత రక్తం మంచిది గాదు," అంది మా అమ్మాయి. అన్నది బాధ్యతతోనే. అది ఇంకా దెబ్బ.

కుర్రవాడి భార్య లేచి నిలబడింది. "అన్నా, నీ చిగుళ్లకు మందు దెచ్చుకో. మాటిచ్చిన గుంట మాకియ్యి."

ఆసామి చుట్టూ చూశాడు. "ఇయ్యనని నేనెప్పుడన్నా? సైన్సు అనింది గాని నేనా అనింది?" అన్నాడు. తర్వాత గొంతు తగ్గించి చెల్లెలి భర్తతో, "రేపు రా. తూము దగ్గర గట్టు తెగుండాది, చూపిస్తా," అన్నాడు. ఆ మనిషి మీద నాకు కోపం పోయింది. తాను తప్పని తెలిశాక తప్పును సైన్సు మీదికి నెట్టి, పనిని మాత్రం తన మీద వేసుకున్నాడు. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు.

ఇక మూడోసారి ఉమ్మి. ఈసారి పాళెం పెద్దాయన ఒక షరతు పెట్టాడు. "మేం పాచినోటితో వస్తాం సార్. మీరూ అట్టనే రావాల. మీరు తోముకోని, మేం తోముకోకుండా వస్తే అది మర్యాద గాదు. అందరం పాచినోళ్లైతే ఇంక ఎంగిలి ఏముండాది?"

మొత్తం వ్యవహారంలో దీన్ని మించిన శాస్త్రీయ సూచన ఇంకొకటి రాలేదు. అలా ఆ తెల్లవారుజామున నెల్లూరు నుంచి కోట అవతలికి ఒక జీపు వెళ్లింది. అందులో ఒక ప్రొఫెసర్, ఒక పరిశోధకురాలు, ఒక టెక్నీషియన్, ఒక డ్రైవరు. డ్రైవరు తప్ప ముగ్గురూ కిటికీల వైపు తిరిగి కూర్చున్నారు. దారి పొడుగునా ఒక్క మాట లేదు. ప్రొఫెసర్ గారు ఏదో చెప్పాలనిపించినప్పుడల్లా నోరు తెరిచి, మా మొహాలు చూసి, మూసేశారు. నా సర్వీసులో అంత ప్రశాంతమైన ప్రయాణం లేదు.

మెట్ల దగ్గర అందరూ తువాళ్లు అడ్డం పెట్టుకుని నిలబడ్డారు. అందరి ముందు మొదట ప్రొఫెసర్ గారు ట్యూబులో ఉమ్మారు. పాళెం సంతృప్తిగా చూసింది. తర్వాత నేను. తర్వాత వాళ్లు. ఈసారి నెంబర్లు మా అమ్మాయే చీట్లు తీసి ఇచ్చింది, ఎవరికీ చూపించకుండా. ఎనిమిదో నెంబరు కుర్రవాడు అప్పటికే గుంట గట్టు మీద నుంచి వచ్చాడు. మోకాళ్ల దాకా బురద. ఉమ్మి ఇచ్చేసి, "పనుండాది సార్," అని వెంటనే వెళ్లిపోయాడు. ఫలితం ఎప్పుడొస్తుందని అడగనివాడు ఆ వరసలో అతనొక్కడే.

ఫలితాలు వచ్చేసరికి ఎండ్రకాయలు గుంటలో పడి, వానలు కూడా మొదలై, మొదటి పట్టుబడి దగ్గరపడింది. లెక్కల్లో చెప్పుకోవడానికి ఏమీ దొరకలేదు. గుంటల ఆసాములూ, మా కాలేజీ గుమాస్తాలూ, పడవల వాళ్లూ అందరూ కలగలిసిపోయి ఉన్నారు. తెగించినవాడికి ఎక్కువా, తెగించనివాడికి తక్కువా అన్న వరస ఎక్కడా రాలేదు. ఇంత చిన్న గుంపులో రాలేదంటే అసలు లేదని కాదు, ఉందని కూడా కాదు అని ప్రొఫెసర్ గారు రాశారు. నిద్ర చాలకపోతే తగ్గుతుందంటారు, చంటిపిల్లను ఎత్తుకుని తిరిగే తండ్రికి తగ్గుతుందంటారు, గెలిచినవాడికి పెరుగుతుందంటారు. అలాంటప్పుడు హార్మోను మనిషిని గుంటలోకి నెట్టిందో, గుంట హార్మోనును పెంచిందో తేల్చడం కష్టం. నాకైతే అది కాస్త ధైర్యంగానే అనిపించింది. పొద్దున్నే ఒక ట్యూబులో పడే దాన్ని బట్టి మన బతుకు ముందే తేలిపోదన్నమాట.

నా ఉద్యోగపు చివరి నెలలో, పాళెం వాళ్లకు ఒకసారి కనపడి పోదామని నేనూ ఆ అమ్మాయీ వెళ్లాం. గుంట చుట్టూ వల కట్టి ఉంది. కుర్రవాడు గట్టు మీద నిలబడి, గట్టిపడ్డ ఎండ్రకాయల డెక్కలు తాటినారతో కడుతున్నాడు. చేతులకు రెండు మూడు చోట్ల గాట్లు. పిల్ల నీడలో, గంపలో కూర్చుని ఉంది. చెన్నై వ్యాపారి బండి సాయంత్రం వస్తుందట. పక్క గుంట గట్టు మీద ఆసామి మా వైపు చెయ్యి ఊపి పళ్లు చూపించాడు. డాక్టరు దగ్గరికి వెళ్లినట్టే ఉన్నాడు.

కుర్రవాడి భార్య చేపముక్కల బక్కెట కింద పెట్టి మా దగ్గరికి వచ్చింది.

"ఈ తూరి ఈయనది ఏడ వచ్చింది పాపా?"

"చెప్పకూడదక్కా."

"నాకు గూడానా?"

మా అమ్మాయి కుర్రవాడి వైపు చూసింది. "చెప్పు పాపా, ఏమైతాది," అన్నాడు అతను, ఎండ్రకాయ మీద నుంచి చూపు తిప్పకుండా.

"మధ్యలో వచ్చిందక్కా. అటూ గాదు, ఇటూ గాదు."

"చాల్లే. మరి అందరికంటే పైన ఎవరు? మా అన్నేనా?"

"మీ అన్న గాదు. పాళెంలో ఎవరూ గాదు." ఆ అమ్మాయి నవ్వు ఆపుకోవడానికి చేసిన ప్రయత్నం నేను చూశాను, అంత గట్టిగా చేయలేదు. "నా నెంబరు చెప్పుకో, తప్పులేదు అని వీరే అన్నారు. ఇదిగో, మా సారే."

అన్నది నిజమే, ఒకరోజు టీ తాగుతూ గొప్పకు అన్నాను. జీవితంలో నేను ఫస్టు వచ్చిన పరీక్ష అదొక్కటే మరి.

"ఈ సారా?" ఆమె నన్ను కింద నుంచి పైకి చూసింది. చెప్పులు, గొడుగు, భుజాన టిఫిన్ క్యారియర్ సంచి. "సారుకు వ్యాపారమేమన్నా ఉండాదా?"

"లేదక్కా. ముప్పై ఏళ్లకు పైగా మా ల్యాబులోనే. సొంత ల్యాబు పెడదామని ఒకసారి గది చూసినారంట. బోర్డు రంగు కాడ ఆగిపోయిందంట."

ఆమె వంగి గుంట నీళ్లలో చేతులు కడుక్కుంది. లేచి, కొంగుతో తుడుచుకుంటూ నా మొహంలోకి సూటిగా చూసింది.

"అంతుండీ ఏం జేసినారు సార్?"